మధురవాణికి మగవేషం ఎందుకు?

తెలుగు నాటక చరిత్రని మనం తేదీలతో మొదలుపెడతాం. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' ఆడించడం, 1886లో బళ్ళారిలో సరసవినోదినీ సభ, 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన. ఆ తర్వాత నాటకకర్తల పేర్లు, వారి రచనలు, ప్రసిద్ధ నటులు. ఎమ్.ఏ. నోట్సులు దాదాపు అన్నీ ఈ వరసలోనే నడుస్తాయి. ఈ నాటకాల్లో ఆడవాళ్ళుగా కనిపించింది ఎవరు అన్న ప్రశ్నకి మాత్రం ఒక్క వాక్యమే దొరుకుతుంది: స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. దాన్ని ఆనాటి ఆచారంగా చదివి పేజీ తిప్పేస్తాం. నా దృష్టిలో అది నాటకరచనని లోపలినుంచి మలిచిన షరతు. ఆ షరతుని మరిచిపోయి చదివితే మన నాటకాల్లో అందరికన్నా ఎక్కువ ప్రశంసలందుకున్న 'కన్యాశుల్కం' కూడా సగమే అర్థమవుతుంది.

సంప్రదాయం పేరు చెప్పి ఈ ఆచారాన్ని సమర్థించేవాళ్ళు ముందు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం చూడాలి. సుకుమారమైన కైశికీ వృత్తిని ఆడవాళ్ళు లేకుండా మగవాళ్ళు ప్రయోగించలేరని భరతుడు బ్రహ్మతో చెప్పుకుంటాడు. అందుకే బ్రహ్మ అప్సరసలని సృష్టించాడని అక్కడి కథ. పురుషుడు స్త్రీగా, స్త్రీ పురుషుడుగా నటించే పద్ధతిని కూడా అదే గ్రంథం తరవాత ప్రస్తావిస్తుంది. అంటే శాస్త్రం వేషం మార్చుకోవడాన్ని ఒప్పుకుంది కానీ ఆడవాళ్ళని రంగం మీదినుంచి తప్పించలేదు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అన్న నాలుగు అభినయాలూ ఇరువురివీను.

మన దగ్గర కూడా నటించే స్త్రీలు లేక కాదు. గోదావరి జిల్లాల్లో కళావంతుల స్త్రీలు భామాకలాపం ఆడారు. కూచిపూడిలో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు సత్యభామ వేషం కట్టారు. రెండూ ఒకే భామ కథలు. రెండోది శాస్త్రీయ కళ అయి సత్కారాలందుకుంది. మొదటిది ఆడినవాళ్ళకి దక్కింది సంస్కర్తల చీదరింపు. 1890ల్లో ఊపందుకున్న నాచ్ వ్యతిరేక ఉద్యమం ఈ స్త్రీలు ఉన్న సభకి వెళ్ళడమే తప్పంది. కొత్తగా పుడుతున్న 'మర్యాదస్తుల' నాటకరంగం సరిగ్గా ఆ రోజుల్లోనే తన తలుపులు బిగించుకుంది. కులస్త్రీ పరువు పోతుందని రాకూడదు, కళావంతుల స్త్రీ వస్తే రంగస్థలం పరువు పోతుంది. ఇద్దరూ పోగా మిగిలింది మీసం గీసుకున్న కుర్రవాడు.

'కన్యాశుల్కం' ఈ రంగస్థలం మీద పుట్టింది. ఇవాళ మనం చదివే 1909 నాటి కూర్పులో రెండు మారువేషాలున్నాయి. మొదటిది మహేశానిది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మే సంబంధం తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, తన కూతురని చెప్పి, ఆ ముసలివాడికే కట్టబెడతాడు. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడి వేషం కట్టే మనిషని గుర్తుపెట్టుకోవాలి. ఈ ఎత్తు రంగస్థలంనుంచే పుట్టింది. మగపిల్లవాడికి చీరకట్టి ఆడదని నమ్మించడం అక్కడ రోజూ చేసే పని.

ఈ ఎత్తు పారడానికి కారణం మహేశం నటనాకౌశలం ఒక్కటే అనుకోలేం. కొనేవాడు బేరం చూస్తాడు, శాస్త్రం చూస్తాడు, రూకలు లెక్కపెట్టుకుంటాడు. పిల్ల ముఖం చూడవలసిన అవసరం ఎవరికీ రాదు. చీర, తల వంచుకున్న భంగిమ, మాట్లాడని నోరు. ఈ మూడూ ఉంటే పెళ్ళికూతురు ఉన్నట్టే. కన్యాశుల్కం అనే దురాచారాన్ని ఖండిస్తూ ఎంత రాసినా ఇంత కుదరదు. ఆ బజారులో ఆడపిల్ల అంటే ఒక వేషం మాత్రమేనని, లోపల మనిషి ఉన్నా లేకపోయినా బేరానికి తేడా రాదని గురజాడ రుజువు చేశాడు. అందుకు తన కాలపు రంగస్థలం చేతకానితనాన్నే సాధనంగా వాడుకున్నాడు. ఆడవాళ్ళు లేని రంగం మీద ఆడపిల్ల లేని పెళ్ళి జరిపించాడు.

రెండో మారువేషం మధురవాణిది. లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్యానేరం నిలవదని తేల్చగల నిజం ఆమెకి తెలుసు. చంపారంటున్న ఆ పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు కదా. ఆ నిజాన్ని చెప్పవలసింది వకీలు సౌజన్యారావు పంతులుకి. ఆయన నాచ్ వ్యతిరేకి, ఆమెలాంటివాళ్ళ ముఖం చూడనని నియమం పెట్టుకున్న పెద్దమనిషి. అందుకే మధురవాణి మగవేషంలో వెళ్తుంది. మగవాడి బట్టల్లో ఉన్నంతసేపూ ఆయన ఆమెతో వాదిస్తాడు, ఆమె తర్కాన్ని వింటాడు, జవాబు వెతుక్కుంటాడు. ఆమె బుద్ధి అంతకుముందూ అదే, ఆ తరవాతా అదే. మారింది ఆహార్యం ఒక్కటే. మహేశం కట్టిన ఆడవేషం ఒక మనిషిని సరుకుగా మారిస్తే, మధురవాణి కట్టిన మగవేషం సరుకనుకున్న ఆమెని మనిషిగా వినిపించింది. ఈ రెండు దృశ్యాలనీ పక్కపక్కన పెట్టి చదవకపోతే నాటకం నిర్మాణమే చేజారిపోతుంది.

మా విద్యార్థిని ఒకమ్మాయి ఈ దృశ్యం సాధన చేస్తూ, "మేడమ్, నేను మగవాడిలా నడవాలా, మగవాడిలా నడవాలని ప్రయత్నిస్తున్న మధురవాణిలా నడవాలా?" అని అడిగింది. నటన గురించి ఇంతకన్నా మూలమైన ప్రశ్న లేదు. ఆనాటి నటుడికి ఈ చిక్కు ఇంకో మెట్టు పైన ఉండేది. మగవాడు ఆడదిగా నటిస్తూ, ఆ ఆడది మగవాడిగా నటించడాన్ని నటించాలి.

మధురవాణి పాత్రలో స్థానం నరసింహారావు (1902-1971) పేరు పొందారు. సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా ఆయన కీర్తి మనకి తెలుసు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన అనుభవాలని 'నటస్థానం'లో రాసుకున్నారు. ఆ కళలోని శ్రమని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. అయితే నడక, ఓరచూపు, పైట సర్దుకునే తీరు అన్నీ మగచూపు ఏరి పోగుచేసినవేనని మాత్రం గుర్తించాలి. ఆడవాళ్ళలో మగవాళ్ళకి కనపడినవే అక్కడ చేరతాయి. అలసట, చిరాకు, పరధ్యానం ఆ జాబితాలోకి ఎక్కవు. తరవాత స్త్రీలు రంగం మీదికి వచ్చినప్పుడు ఆ జాబితాయే స్త్రీత్వపు వ్యాకరణమై వాళ్ళకి ఎదురొచ్చింది. ఆడవాళ్ళు ఆడవాళ్ళుగా ఎలా ఉండాలో వేషధారి కొలతతో చూడటం మనం ఇంకా పూర్తిగా మానలేదు. 1955 నాటి 'కన్యాశుల్కం' సినిమాలో సావిత్రి మధురవాణి అయినప్పుడు ఆ పాత్రకి స్త్రీ ముఖం దక్కింది. ఆ ముఖం మీద కదిలే ఆలోచన, నవ్వు వెనక దాచుకున్న లెక్క ఆ పాత జాబితాలో ఉండేవి కావు.

గురజాడ మీద నాకున్న పేచీ ఇక్కడే. బుచ్చమ్మని పూనా విడోస్ హోంకి పంపాలని నాటకం దారి చూపిస్తుంది. మధురవాణి ఎక్కడికి వెళ్తుందో చెప్పదు. కథలోని మగవాళ్ళందరి ముళ్ళూ విప్పిన మనిషి చేతిలో భగవద్గీత మిగులుతుంది. ఆమె కోసం రాసిన గొప్ప మాటలు పలకడానికి ఆమెలాంటి స్త్రీకి ఆ రంగం మీద చోటులేదు.

కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన మరుసటి ఏడే, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ని పరిష్కరించి ప్రచురించింది. దేవదాసీ సంప్రదాయంలోంచి వచ్చిన విదుషి ఆమె. ఆ పుస్తకానికి అశ్లీలమన్న ముద్ర వేసి నిషేధించారు. నిషేధం తొలగడానికి 1940ల దాకా పట్టింది. మగ రచయిత కలంలోంచి, మగ నటుడి గొంతులోంచి వచ్చిన మధురవాణిని చప్పట్లతో మెచ్చుకున్న సమాజం, సొంత గొంతుతో మాట్లాడిన నాగరత్నమ్మని భరించలేకపోయింది. ఈ రెండు ఏళ్ళనీ మన పాఠ్యప్రణాళికలు రెండు వేరువేరు పేపర్లలో పెడతాయి, ఒకటి నాటకంలో, ఇంకొకటి ప్రబంధంలో. కలిపి చదివే అవకాశమే విద్యార్థికి రాదు.

వేరే దారి లేదా అంటే ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజం కుటుంబ నాటక సమాజంగా పెరిగింది. అక్కడ ఆడవాళ్ళు ఆడ పాత్రలే కాదు, మగ పాత్రలూ వేశారు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ కుటుంబంనుంచే వచ్చింది. ఇంటిపనీ పిల్లల పెంపకమూ తెర వెనకే సాగుతుంటే, తెర ముందు వాళ్ళు రాణులూ రాక్షసులూ అయ్యారు. తరవాత బళ్ళారి రాఘవ (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించారు. మన చరిత్ర పుస్తకాల్లో రాఘవకి అధ్యాయం ఉంటుంది. ఆమెకి ఆ అధ్యాయంలో ఒక వాక్యం ఉంటుంది.

నాటకం చెప్పేటప్పుడు మనం రచయిత ఎవరు, ఇతివృత్తం ఏమిటి, రసం ఏది అని అడుగుతాం. వీటి పక్కన ఇంకో మూడు ప్రశ్నలు చేర్చాలి. ఈ మాటలు ఎవరి నోట పలికించడానికి రాశారు? ఆ నోరు ఎవరిది? రానివ్వనిది ఎవరిని? అప్పుడు పాత్రధారుల పట్టికే ఒక సామాజిక చరిత్ర అవుతుంది. ఆ పట్టికలో ఖాళీగా ఉన్న పేర్లని వెతికి రాయడం మన పరిశోధకుల ముందున్న పని.