బొటనవేలి కింద ఉంగరం

ఒపినెల్ మడతచాకులో ఉన్నవి ఐదే భాగాలు: అలుగు, కర్ర పిడి, రెంటినీ కలిపే సీల, పిడి మెడకు బిగించిన పొన్ను, ఆ పొన్ను మీద తిరిగే ఉక్కు ఉంగరం. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నిండైన వస్తువు మరొకటి నాకు తెలీదు.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల నడుమ సవ్వా అనే సీమ ఉంది. అక్కడ పనిముట్లు చేసే ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890 నాటికి ఈ చాకుకు రూపమిచ్చాడు. అప్పటికింకా ఉంగరం లేదు. అది 1955లో ఆయన కొడుకు మార్సెల్ చేతిలో పుట్టింది. దాని పేరు విరోబ్లాక్. నా దృష్టిలో ఈ చాకు సౌందర్యానికి ప్రాణం అదే.

మడతకత్తి చెయ్యి కోసేది ఎక్కువగా ఎప్పుడు? వాదరతో కిందికి ఒత్తి కోస్తున్నంతసేపూ ఆ ఒత్తిడే అలుగును తెరిచి ఉంచుతుంది. మొనతో పొడిచినప్పుడో, ఇరుక్కున్న అలుగును ఊపి లాగినప్పుడో బలం వెన్ను మీదికి మళ్లుతుంది. ఆ క్షణాన అలుగు తన గాడిలోకి, అంటే మన వేళ్ల మీదికి, తిరిగొస్తుంది. ఉంగరం పని ఆ ఒక్క క్షణం కోసమే. దానికి నిలువునా ఒక చీలిక. చీలిక గాడికి ఎదురుగా ఉంటే అలుగుకు దారి. బొటనవేలితో పక్కకు తిప్పితే దారి మూసుకుపోయి, ఉక్కు అడ్డం నిలుస్తుంది. తిప్పేకొద్దీ బిగుస్తుంది.

అమెరికా బక్ 110 లాంటి చాకుల్లో లాకు పిడి వెన్నులో దాగి, స్ప్రింగు బలంతో తనంతట తానే పడుతుంది. మంచి పనితనమే, కాదనను. కానీ లాకు పడే గంటులో కాస్త దుమ్ము చేరితే లాకు పూర్తిగా కూర్చోదు, పైకి ఆ సంగతి సులువుగా తెలియదు. ఒపినెల్‌లో దాపరికం లేదు. చీలిక ఎక్కడుందో కన్ను చెబుతుంది, ఎంత బిగిసిందో వేలు చెబుతుంది. తిప్పడం మరిచిపోతే మాత్రం రక్షణ లేనట్టే. ఆ బాధ్యతను చేతికే అప్పగించడం నాకు లోపంగా తోచదు, కోసేవాడి మీద ఉంచిన గౌరవంగా తోస్తుంది. ఆలంకారికులు ఔచిత్యమన్నది ఇలాంటి చోటే. ఇక్కడ ఏ భాగమూ తన పనిని మించి మెరవదు. 2000 నుంచి ఉంగరం మూసిన అలుగును కూడా పట్టి ఉంచుతోంది, జేబులో తెరుచుకోకుండా.

బీచ్ కర్ర పిడి తడిస్తే ఉబ్బి అలుగును వదలదు. సవ్వా వాళ్లు పిడి చివరను గట్టి చోట కొట్టి అలుగును బయటికి రప్పిస్తారు. కర్రకు ఇంకా వానతో చుట్టరికం తెగలేదని నాకదీ ముచ్చటే.

కొనాలనుకుంటే ఎనిమిదో నంబరు అడగండి. అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, పండుకూ తాడుకూ చాలు. ఐదో నంబరు, అంతకన్నా చిన్నవాటికి ఉంగరం ఉండదు. అలుగు తెరిచి, ఉంగరం తిప్పి, వేళ్లు గాడికి దూరంగా పెట్టుకుని, అలుగు వెన్నును బల్ల అంచుకు మెల్లగా నొక్కి చూడండి. అలుగు కదలకూడదు. ఉంగరం ఏ ఒరిపిడీ లేకుండా గిర్రున తిరిగితే ఆ చాకును పక్కన పెట్టి మరొకటి తీయించండి.