కాటి సుంకము, క్రైస్తవ భూస్థాపన: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము చుట్టుప్రక్కల గ్రామములలో అధిక సంఖ్యాకులు చెరకు, వరి సాగు మీదను, కూలి పనుల మీదను ఆధారపడి జీవించువారు. అక్కడి సంఘములలో ఒక విశ్వాసి ప్రభువునందు నిద్రించినప్పుడు ఆ ఇంటివారు దుఃఖముతోపాటు ఖర్చును కూడ మోయవలసి వస్తున్నది. పెట్టె, ఫ్రీజర్ బాక్సు అద్దె, బండి, గొయ్యి తవ్వినవారి కూలి, పూలు అనునవి మొదటి రోజు ఖర్చులు. అటు తరువాత ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక వచ్చును. వాటికి షామియానా, కుర్చీలు, మైకు, ఫ్లెక్సీలు, భోజనములు, ప్రసంగీకుల ప్రయాణ ఖర్చులు, కానుకలు కావలెను. ఏడాది తిరుగునప్పటికి సమాధి మీద గ్రానైటు పలక వేయించవలెను.

ఈ వ్యయము మన సంఘములలో ఎందుకు పెరుగుచున్నది? దానిని సమర్థించుటకు మనము చూపుచున్న లేఖనములు నిజముగా దానిని సమర్థించుచున్నవా? ఇందులో కాపరి స్థానము ఏమిటి? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇందుకు తెలుగువారందరు ఎరిగిన ఒక నాటక రంగమును ముందుగా తీసికొనుచున్నాము.

1. కాటి సీనులోని రెండు స్వరములు

బలిజేపల్లి లక్ష్మీకాంత కవి (1881-1953) రచించిన సత్యహరిశ్చంద్రీయ నాటకములోని కాటి సీను ఉత్తరాంధ్ర గ్రామములలో జాతరలకు, పండుగలకు తెల్లవార్లు ఆడబడినది. ఈ సీనులో హరిశ్చంద్ర పాత్రధారులు శ్మశానములో ప్రవేశించినప్పుడు గుఱ్ఱం జాషువ (1895-1971) వ్రాసిన శ్మశానవాటి పద్యములను చేర్చి పాడుట ఆచారమైనది. నాటకకర్త వ్రాయని పద్యములు నాటకములో భాగమై, ప్రేక్షకులు వాటి కొరకే ఎదురుచూచునంతగా స్థిరపడినవి. క్రైస్తవ కుటుంబములో పెరిగి, అంటరానితనమును అనుభవించి, తరువాత క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి పద్యములు ఒక పౌరాణిక నాటకములో ఇట్లు నిలుచుట గమనింపదగినది.

ఆ పద్యములలోని భావము మనకు తెలిసినదే. కవి కలము, రాజు అధికార ముద్రిక, పడుచు ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుని కుంచె ఒకే చోట అంతరించుచున్నవి. అక్కడ అంటరానితనమునకు చోటు లేదు. మన భూస్థాపన ప్రసంగములలో ధనికుడైనను దరిద్రుడైనను మంటికి మరలుననునప్పుడు మనము చెప్పునది దాదాపు ఇదే.

అయితే అదే సీనులో కొద్దిసేపటికి ఏమి జరుగుచున్నదో గమనించవలెను. పాము కాటుకు చనిపోయిన లోహితాస్యుని మోసికొని చంద్రమతి వచ్చును. సమానత్వమును గూర్చి పాడిన ఆ నోరే ఆమెను కాటి సుంకము అడుగును. ఆమె వద్ద ఏమియు లేదు. మెడలోని మంగళసూత్రమును అమ్మి సుంకము చెల్లించుమని అతడు చెప్పును. ఆ సూత్రము భర్తకు తప్ప ఇతరులకు కనబడదు గనుక భార్యాభర్తలు ఒకరినొకరు గుర్తించుట కథలోని మలుపు.

సాధారణముగా విమర్శకులు ఈ ఘట్టమును సత్యవ్రతమునకు పరీక్షగా చూచుదురు. మనము మరియొక విషయమును చూడవలసి యున్నది. జాషువ పద్యము శ్మశానమును లోపలి నుండి చూచినది. లోపలికి చేరిన తరువాత అందరు సమానులే. చంద్రమతి ఘట్టము శ్మశానమును ద్వారము వద్ద నుండి చూపుచున్నది. అక్కడ వెల చెల్లించువారు, చెల్లింపలేనివారు అను భేదమున్నది. మన గ్రామములలో కులమును బట్టి శ్మశానములు వేరుగా ఉన్న సంగతిని కూడ తలంచినయెడల, ఆ పద్యములోని సమానత్వము జరిగినదాని వర్ణన కాదు, జరుగవలెనను కోరిక అని తెలియును. ప్రేక్షకులు పద్యమునకు చప్పట్లు కొట్టి సుంకమును మరచిపోవుదురు. మన భూస్థాపన ఆరాధనలలో కూడ ఇట్లే జరుగుచున్నదని చెప్పక తప్పదు.

2. సుంకము ఎక్కడ వసూలగుచున్నది?

నేటి సుంకము శ్మశాన ద్వారమునకు ముందే మొదలగుచున్నది. 2023 ఫిబ్రవరిలో విశాఖపట్నం కె.జి.హెచ్.లో చనిపోయిన తమ పసికందును, సకాలములో వాహనము దొరకక, ముంచంగిపుట్టు మండలము కుమడ గ్రామమునకు చెందిన గిరిజన దంపతులు స్కూటరు మీద పాడేరు వరకు సుమారు 120 కిలోమీటర్లు తీసికొనిపోయిరి. విశాఖ నుండి పాడేరు వెళ్ళు బస్సుల దారి చోడవరము మీదుగానే పోవును. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి వద్ద ప్రైవేటు అంబులెన్సువారు అడిగిన సొమ్ము ఇచ్చుకోలేక ఒక తండ్రి తన కుమారుని దేహమును మోటారు సైకిలు మీద సుమారు 90 కిలోమీటర్లు తీసికొనిపోయెను. ఈ రెండును పత్రికలలో వచ్చినవి. చంద్రమతి కథ పురాణమని ఎవరును త్రోసివేయలేరు.

ఖర్చు పెరుగుటకు కొన్ని కారణములు న్యాయమైనవే. బిడ్డలు హైదరాబాదులోనో గల్ఫు దేశములలోనో ఉన్నారు. వారు వచ్చువరకు దేహమును ఉంచవలెను గనుక ఫ్రీజర్ బాక్సు అవసరమగుచున్నది. పూర్వము ఇరుగుపొరుగువారు త్రవ్విన గోతిని నేడు కూలి ఇచ్చి త్రవ్వించవలసి వస్తున్నది. శ్మశానములో చోటు తగ్గుచున్నది. ఈ ఖర్చులకు ఎవరిని నిందించలేము.

కాని జ్ఞాపకార్థ కూడిక ఖర్చు వేరు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నంలోను, 1874లో కెనడియన్ బాప్టిస్టు మిషనువారు కాకినాడలోను పని ప్రారంభించినది మొదలు, చనిపోయినవారి కొరకు దినవారములు, పెద్దకర్మ చేయనక్కరలేదని మన సంఘములు బోధించుచు వచ్చినవి. ఆ బోధ పేదలకు ఆర్థికముగా కూడ విడుదల. నేడు పెద్దకర్మ జరుగు రోజులలోనే, అదే సంఖ్యలో బంధువులను పిలిచి, అదే విధముగా భోజనములు పెట్టి, దానికి జ్ఞాపకార్థ కూడిక అని పేరు పెట్టుచున్నాము. పేరు మారినది, సిద్ధాంతము మారినది, బాకీ మారలేదు.

ఆ బాకీని కూలి దినములలో లెక్కించిన గాని దాని బరువు తెలియదు. 2025-26 ఆర్థిక సంవత్సరమునకు ఉపాధి హామీ పథకము క్రింద ఆంధ్రప్రదేశ్‌లో నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఆ పథకము ఒక కుటుంబమునకు హామీ ఇచ్చిన 100 దినములు పూర్తిగా పని చేసినను వచ్చునది 30,700 రూపాయలు. ఒక కూడికకు ముప్పది వేలు ఖర్చయినదనుకొందము. ఒక పూట భోజనమునకు, పందిరికి ఆ కుటుంబము ఏడాది హామీ పని మొత్తమును అప్పగించినట్లు. మెడలోనివి తాకట్టు పెట్టక ఆ ఇంటివారు దీనిని ఎట్లు తీర్చగలరు?

3. మనము చూపు లేఖనముల పరిశీలన

ఈ వ్యయమునకు ఆధారముగా సాధారణముగా మూడు వాక్యభాగములు చూపబడుచున్నవి.

మొదటిది యాకోబు భూస్థాపన (ఆదికాండము 50). నలువది దినములు సుగంధ ద్రవ్యములతో సిద్ధపరచుట, డెబ్బది దినముల అంగలార్పు, రథములు, రౌతులు అందులో ఉన్నవి. అయితే అది ఐగుప్తు రాజాస్థానము తన మంత్రి తండ్రికి చేసిన మర్యాద. దానిని ఇశ్రాయేలీయులు అందరు పాటింపవలెనని ధర్మశాస్త్రములో ఎక్కడను ఆజ్ఞ లేదు.

రెండవది అబ్రాహాము మక్పేలా గుహను కొనుట (ఆదికాండము 23). ఎఫ్రోను ముందు ఊరికే ఇచ్చెదననును. తరువాత మాటల మధ్యలో నాలుగు వందల తులముల వెండి అని వెల చెప్పి, మన మధ్య అది ఎంతపాటిదనును. దుఃఖములో ఉన్న పరదేశి బేరమాడలేడు. వెల ఎంతని అడిగినప్పుడు మీకు తోచినది ఇవ్వండని చెప్పు ధోరణి మన సంఘములలో కూడ ఉన్నది. అది మర్యాదగా వినిపించును గాని, తక్కువ ఇచ్చినచో చిన్నతనమను భయమును పుట్టించును.

మూడవది, అన్నిటికంటె తరచుగా వినబడునది, బేతనియలో స్త్రీ అత్తరు పోసిన సంగతి (మార్కు 14:3-9). ఆ అత్తరు మూడు వందల దేనారములకు మించిన వెల గలది. దినమునకు ఒక దేనారము కూలి (మత్తయి 20:2) గనుక దాదాపు ఏడాది సంపాదన. ప్రభువు తన భూస్థాపన నిమిత్తము దానిని అంగీకరించెను గదా అని కొందరు వాదింతురు. ఇక్కడ మూడు సంగతులు గమనించవలెను. ఆమె తనకు కలిగినదానిని ఎవరును అడుగకయే ఇచ్చినది. ప్రభువు ఆమెను తప్పుపట్టినవారిని అడ్డగించెను గాని ఇతరులు కూడ అంత ఇవ్వవలెనని చెప్పలేదు. బీదలు ఎల్లప్పుడు మీతో ఉన్నారను మాటకు మూలమైన ద్వితీయోపదేశకాండము 15:11 బీదవానికి చెయ్యి చాపుమను ఆజ్ఞతో ముగియుచున్నది. కాబట్టి విధవరాలి చేత అప్పు చేయించుటకు ఈ వాక్యమును ఉపయోగించుట వ్యాఖ్యాన దోషము.

అసలు ప్రభువు భూస్థాపనలో ఆయన తల్లి ఏమియు చెల్లింపలేదు. సమాధి అరిమతయి యోసేపుది, సుగంధ ద్రవ్యములు నీకొదేము తెచ్చినవి. కలిగినవారు భరించిరి. అపొస్తలుల కార్యములు 5లో అననీయను, సప్పీరాను మోసికొనిపోయి పాతిపెట్టినవారు సంఘములోని పడుచువారు. తప్పు చేసి చనిపోయినవారి భూస్థాపనను కూడ సంఘము తన పనిగానే చేసినది.

4. యూదుల, ఆదిమ సంఘముల సంస్కరణ

ఈ సమస్య మనతో మొదలైనది కాదు. తల్మూదులో (మోయెదు కతాను 27) ఒక సంగతి ఉన్నది. ఒక కాలమున భూస్థాపన ఖర్చు మరణముకంటె భారమై, బంధువులు శవమును విడిచి పారిపోవు స్థితి వచ్చినది. అప్పుడు రబ్బాను గమలీయేలు, గొప్పవాడై యుండియు, సాధారణమైన నార బట్టలతో పాతిపెట్టబడునట్లు ఏర్పరచుకొనెను. ప్రజలు ఆ మాదిరిని అనుసరించిరి. దుఃఖించు ఇంటికి ఆహారము తీసికొని పోవుటలో కూడ ధనికులకు వెండి పళ్ళెములు, బీదలకు వెదురు వంటి పుల్లల బుట్టలు వాడుచుండగా, బీదలు సిగ్గుపడకుండునట్లు అందరికి బుట్టలే అని మార్చిరి. సంస్కరణ గొప్పవారి ఇంటి నుండి ఆరంభమైనదని మనము గుర్తించవలెను.

క్రీ.శ. 197 ప్రాంతములో తెర్తుల్లియను తన సమర్థన గ్రంథములో సంఘ నిధి వినియోగమును వివరించుచు బీదలను పోషించుటను, పాతిపెట్టుటను కలిపి చెప్పెను. హిప్పొలితు పేరట ప్రసిద్ధమైన అపొస్తలిక సంప్రదాయము అను గ్రంథము శ్మశానములో భూస్థాపనకు ఎక్కువ సొమ్ము వసూలు చేయరాదని, అది బీదలందరి కొరకని, గొయ్యి త్రవ్వువాని కూలియు పెంకుల వెలయు మాత్రము తీసికొనవలెనని, శ్మశాన కాపలాదారులను బిషప్పు పోషింపవలెనని విధించినది. క్రైస్తవ్యమును వ్యతిరేకించిన జూలియను చక్రవర్తి (361-363) సహితము ఆ మతము వ్యాపించుటకు గల కారణములలో మృతుల సమాధుల విషయమై వారి శ్రద్ధను ఒకటిగా పేర్కొనెను. ఆ కాలమున భూస్థాపన సంఘము ఇచ్చు వరము. కుటుంబము చెల్లించు వెల కాదు.

ఆధునిక కాలములో అమెరికాలో జెస్సికా మిట్‌ఫర్డ్ 1963లో అంత్యక్రియల వ్యాపారమును విమర్శించుచు గ్రంథము ప్రచురించెను. 1984లో అక్కడ అమలులోనికి వచ్చిన ప్రభుత్వ నిబంధన ప్రకారము ప్రతి వస్తువునకు, ప్రతి సేవకు వెల విడివిడిగా చెప్పవలెను. దుఃఖములో ఉన్నవాడు బేరమాడలేడని చట్టము కూడ గుర్తించినది.

5. ఒక ఆక్షేపణ, కాపరి స్థానము

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. తరతరములుగా ఊరి దారిన శవమును కూడ తీసికొని పోనివ్వని సమాజములో దళిత విశ్వాసులు నేడు మంచి పెట్టెను, పూలను, మైకును కోరుట గౌరవము కొరకు చేయు పోరాటము కాదా? పొదుపు బోధించువారు ఆ గౌరవమును తీసివేయుచున్నారు గదా? ఈ ఆక్షేపణను తేలికగా తీసికొనరాదు. జాషువ పద్యము వెనుక ఉన్న వేదన కూడ ఇదియే. అయితే గౌరవమును అప్పు చేసి కొనుక్కొనవలసి వచ్చినయెడల, కొనలేని పొరుగింటివారు అదే సంఘములో మరల అవమానమునకు లోనగుదురు. ఆ గౌరవమును సంఘమంతయు కలిసి, ప్రతి మృతునికి సమానముగా ఇచ్చినప్పుడే పోరాటము గెలిచినట్లు.

కాపరి విషయము మరియు కష్టమైనది. హరిశ్చంద్రుడు దుర్మార్గుడై సుంకమడుగలేదు. వీరబాహునికి అమ్ముడుపోయినవాడు గనుక అడిగెను. మనలో అనేకులు ఆచారమునకు, పెద్దల మాటకు, పిలువబడిన ప్రసంగీకుల మర్యాదకు కట్టుబడి మౌనముగా ఉన్నాము. విధవరాండ్ర ఇండ్లు దిగమ్రింగుచు దీర్ఘ ప్రార్థనలు చేయు శాస్త్రులను గూర్చి ప్రభువు పలికిన తీర్పు (మార్కు 12:40) చావు ఇంట ప్రార్థించు మనకు దూరమైనది కాదు. హరిశ్చంద్రుని యజమానుడు సుంకము కోరెను. మన యజమానుడు పరుని సమాధిలో ఉంచబడినవాడు. కాబట్టి అడుగవలసిన అగత్యము మనకు లేదు.

ముగింపు

పై పరిశీలనను బట్టి సంఘములు ఈ క్రింది వాటిని ఆలోచింపవలెనని కోరుచున్నాము. షామియానా, కుర్చీలు, మైకు, దేహమును మోయు మంచము సంఘపు ఆస్తిగా ఉండి అందరికి ఉచితముగా ఇయ్యబడవలెను. గొయ్యి త్రవ్వుట, మోయుట యౌవనస్థుల పరిచర్యగా ఏర్పడవలెను. బయట నుండి వచ్చు సేవకుల ప్రయాణ ఖర్చు సంఘ నిధి నుండి చెల్లించి, చావు ఇంట కానుక తీసికొనరాదు. జ్ఞాపకార్థ కూడికను ఆదివారపు ఆరాధనలోనే జరిపి, దుఃఖించు ఇంటికి ఆ దినమున భోజనము సంఘస్థులు తీసికొని పోవలెను. ఈ నియమములు ఎవరును చనిపోని ఒక ఆదివారమున సంఘములో చదువబడి, పెద్దల సమ్మతితో వ్రాయబడవలెను. చావు ఇంట వాటిని ప్రతిపాదించినచో ఆ ఇంటిని అవమానించినట్లగును.

అన్నిటికంటె ముందు, ఇది కాపరుల, సంఘ పెద్దల ఇండ్లలో మొదట జరుగవలెను. గమలీయేలు నార బట్టలు బీదలకు విధింపలేదు, తానే ధరించెను. వేదాంత కళాశాలలలో భూస్థాపన క్రమమును నేర్చుకొనుచున్న విద్యార్థులు ఆ క్రమముతోపాటు ఆ ఇంటి ఖర్చుల చీటీని కూడ చదువుట నేర్చుకొందురు గాక.