విడదీసే పని

కోనసీమ బావుల్లోంచి చమురు, గ్యాసు విడివిడిగా రావు. నీళ్లతో, ఒక్కోసారి ఇసుకతో కలగలిసి వస్తాయి. వాటిని వేరుచేసేది సెపరేటర్. లోపలికొచ్చిన ధార అడ్డుపలకకు కొట్టుకుని నెమ్మదిస్తుంది. గ్యాసు పైకి పోతుంది, నీరు అడుగున చేరుతుంది, నూనె మధ్యలో తేలి అడ్డుగోడ మీదుగా పక్క అరలోకి పొర్లుతుంది. అంతా బరువుల తేడాయే చేస్తుంటే సెపరేటర్‌ను నడిపే ఆపరేటర్ గొప్పేమిటి అనొచ్చు. ఆ తేడా పనిచేయడానికి కావలసిన నిలకడను కాపాడేది అతనే. లోపల నూనె మట్టం పెరిగితే నూనె తుంపర గ్యాసు గొట్టంలోకి పోతుంది. మరీ తగ్గితే గ్యాసు నూనె ట్యాంకులోకి దూరుతుంది. మీటర్లున్నాయిగా అంటారు. నిజమే, కానీ మైనం పట్టిన గేజి తప్పు చూపిస్తుంది. దాన్ని కడిగి మళ్లీ చూసేవాడికే అసలు మట్టం తెలుస్తుంది. ఇది చిన్న పని కాదు. 2014 జూన్‌లో నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపు పేలి ప్రాణాలు పోయాయి; గ్యాసులో మిగిలిన నీరు గొట్టాన్ని లోపలినుంచి తినేయడం అందుకు ఒక కారణం.