మూడో మలుపులో ఒకే జట్టు కార్లు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరుగు తీశాయి. క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగంగా తిరిగి మొదటి స్థానం నుంచి బయలుదేరింది జాగ్వార్ డ్రైవర్ మిచ్ ఇవాన్స్. రేసు ఇంకా మొదటి భాగంలో ఉండగానే, మూడో మలుపు దగ్గర, దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్‌లో, వెనక నుంచి వచ్చిన కారు అతన్ని గుద్దింది. రెండు కార్లూ రేసు నుంచి తప్పుకున్నాయి. గుద్దింది ప్రత్యర్థి కాదు, అదే జాగ్వార్ జట్టులోని శామ్ బర్డ్. తప్పు తనదేనని బర్డ్ ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు.

నిజామాబాదు నుంచి ఆ రేసు చూడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది దీన్ని దురదృష్టం అనుకున్నారు. నాకు మాత్రం వీధి రేసు విద్య అంతా ఆ ఒక్క మలుపులోనే ఉందనిపిస్తుంది. జట్టు సహచరుణ్ని మించాలన్న పట్టుదల, అతనితో కలిసి కారును తీర్చుకునే పని, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండాలి. ఇరుకు దారిలో ఒకటి తూకం తప్పితే రెండోదీ పోతుంది.

మోటారు రేసులో కార్లు వేరు, ఇంజన్లు వేరు, డబ్బు వేరు. ఓడిన డ్రైవర్ కారును నిందించవచ్చు. ఒకే జట్టులో ఉన్న ఇద్దరికి ఆ సాకు దొరకదు. కారు ఒకటే, టైరు ఒకటే, పనివాళ్లూ ఒకే గూటివాళ్లు. అందుకే డ్రైవర్ విలువ తేల్చేది మొదట పక్క గ్యారేజీలోని మనిషే. 1988లో మొనాకో వీధుల్లో మెక్‌లారెన్ కారులోనే అయిర్టన్ సెన్నా తన సహచరుడు అలాన్ ప్రోస్ట్ కన్నా 1.427 సెకన్లు వేగంగా క్వాలిఫై అయ్యాడు. ఇలాంటి కొలత ఇంకెక్కడా దొరకదు. ఆ మర్నాడు చాలా ముందంజలో ఉండి కూడా 67వ ల్యాప్‌లో సెన్నా పోర్టియే మలుపు దగ్గర గోడకు కొట్టుకున్నాడు. గెలిచింది ప్రోస్ట్.

ఇక సెటప్, అంటే కారును ట్రాక్‌కు తగ్గట్టు సర్దే పని సంగతి. విశాలమైన ట్రాక్‌లో మలుపు తప్పితే పక్కన మట్టి, గడ్డి, ఖాళీ చోటు ఉంటాయి. వీధిలో ఉండేది కాంక్రీటు గోడ. పైగా రోడ్డు రేసు కోసం వేసింది కాదు. వాన నీరు పక్కకు పోవాలని నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తారు. మ్యాన్‌హోల్ మూతలుంటాయి, తెల్ల గీతలు జారుతాయి, అతుకులు పడ్డ తారు గతుకులు గతుకులుగా ఉంటుంది. మొదటి ప్రాక్టీసులో దుమ్ము వల్ల పట్టు దొరకదు. కార్లు తిరిగే కొద్దీ రబ్బరు రోడ్డుకు అంటుకుని పట్టు పెరుగుతుంది. ఉదయం సరిపోయిన సెటప్ సాయంత్రానికి తప్పవుతుంది.

గతుకుల మీద చక్రం నేలను వదలకుండా ఉండాలంటే స్ప్రింగులు మెత్తగా పెట్టాలి. మరీ మెత్తబడితే కుడి నుంచి ఎడమకు తిప్పేసరికి కారు ఆలస్యంగా లేస్తుంది. హైదరాబాదు సర్క్యూట్‌లో అంత తీరిక దొరకదు, 2.8 కిలోమీటర్లలోనే 18 మలుపులు. కారు కింది ఎత్తు తగ్గిస్తే మలుపులో నిలకడ వస్తుంది కానీ గతుకు దగ్గర అడుగు నేలకు రాసుకుంటుంది. చక్రాన్ని లోపలికి వంచే క్యాంబర్ పెంచితే మలుపులో పట్టు, నేరుగా బ్రేకు కొట్టినప్పుడు నష్టం. ప్రతి సర్దుబాటుకూ ఇలాంటి మూల్యం చెల్లించాలి. సస్పెన్షన్ గట్టిగా ఉండటం ఎంత ముఖ్యమో హైదరాబాదు రేసు అయిన రెండు వారాలకే కేప్‌టౌన్‌లో తెలిసింది. వెనక సస్పెన్షన్ భద్రతపై అనుమానంతో మహీంద్రా జట్టు అక్కడి రేసు నుంచి తనంతట తానే తప్పుకుంది. గెలుపు మీద ఆశ చంపుకుని తీసుకున్న ఆ నిర్ణయం మీద నాకు గౌరవం.

ఆ ఏడాది వచ్చిన మూడో తరం ఫార్ములా ఈ కారుకు ఇంకో చిక్కు ఉంది. డ్రైవర్‌తో కలిపి కనీసం 840 కిలోలు బరువు. వెనక చక్రాలకు మామూలు డిస్క్ బ్రేకులు లేవు, మోటారే కారును ఆపుతూ ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది ఎక్కువ శక్తిని తీసుకోలేదు. దాంతో రేసు మొదట్లో బ్రేకు ఒకలా పట్టుకుంటుంది, కొన్ని ల్యాపులయ్యాక మరోలా. ముందు చక్రాలకు ఎంత, వెనకకు ఎంత అన్న పంపకాన్ని డ్రైవర్ స్టీరింగ్ మీది బటన్లతో సర్దుకుంటూ పోవాలి. హెయిర్‌పిన్‌కు చేరేసరికి ఆ పంపకంలో కొద్దిగా తేడా వచ్చినా ముందు చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా కారు నేరుగానే పోతుంది. మలుపు లోపల మరో కారు ఉంటే దాన్నే తాకుతుంది.

ప్రాక్టీసు సమయం కొద్దిగా ఉంటుంది కాబట్టి జట్లు పని పంచుకుంటాయి. ఒకరి కారులో గట్టి స్ప్రింగు, మరొకరి కారులో మెత్తది పెట్టి చూస్తారు. తర్వాత ఇద్దరి బ్రేకు గీతలు, స్టీరింగ్ గీతలు ఒకే తెర మీద ఒకదానిపై ఒకటి వేసి చదువుతారు. సహచరుడు ఏ మలుపులో ఎక్కడ బ్రేకు కొడుతున్నాడో, ఎక్కడ సందేహిస్తున్నాడో అంతా కనిపిస్తుంది. ఒకరి రహస్యం రెండోవారికి తెరిచిన పుస్తకమే. నాకు ఈ విద్యలో బాగా నచ్చేది ఇదే. ఓడించాల్సిన మనిషికి తన పాఠం తానే చేతికిస్తాడు.

బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వరస కట్టిన రోజులు చూసినవాళ్లకు జోడెడ్ల సంగతి తెలుసు. ఒక ఎద్దు రెండోదాన్ని దాటి గుంజితే కాడి వంకర పోతుంది, బరువు అంతా ఒక పక్క పడి బండి ఒరుగుతుంది. జాగ్వార్‌కు ఆ రోజు జరిగింది అదే.

మూడో మలుపు ఖరీదు ఎంత? ఆ రోజు గెలిచింది డీఎస్ పెన్స్కే జట్టు జాన్ ఎరిక్ వెర్న్. రెండో స్థానంలో వచ్చిన నిక్ క్యాసిడీది ఎన్‌విజన్ జట్టు. ఆ కారుకు శక్తినిచ్చింది జాగ్వార్ మోటారే. సీజన్ ముగిసేసరికి జట్ల పట్టికలో ఎన్‌విజన్‌కు 304 పాయింట్లు, జాగ్వార్‌కు 292. తేడా 12. ఇవాన్స్ ఒక్కడు హైదరాబాదులో బాగా ముగించి ఉంటే ఆ తేడా అక్కడికక్కడే మాసిపోయేది.

మరుసటి సీజన్‌లో అదే క్యాసిడీ ఇవాన్స్‌కు సహచరుడుగా జాగ్వార్‌కు వచ్చాడు. 2024 జూలైలో లండన్‌లోని ఇరుకు ఎక్సెల్ సర్క్యూట్‌లో ఇద్దరూ టైటిల్ కోసం తలపడ్డారు. క్యాసిడీ టైరు పంచరైంది. ఇవాన్స్ అదనపు శక్తినిచ్చే అటాక్ మోడ్ గీత మీదుగా ఒకసారి సరిగ్గా పోలేకపోయాడు. 198 పాయింట్లతో టైటిల్ పోర్షే డ్రైవర్ పాస్కల్ వెర్లైన్‌కు పోయింది, ఇవాన్స్‌కు 192, క్యాసిడీకి 176. జట్ల టైటిల్ మాత్రం జాగ్వార్‌దే. ఇద్దరూ కలిసి సాధించింది జట్టుకు దక్కింది, విడివిడిగా కోరుకున్నది ఇద్దరికీ దక్కలేదు.

హైదరాబాదులో రెండో రేసు 2024 ఫిబ్రవరి 10కి ఖాయమై, జనవరి మొదట్లోనే రద్దయింది. వీధి సర్క్యూట్‌కు రెండో ఏడాదే అసలు విలువ. మొదటి ఏడాది జట్లు ఏ గతుకు ఎక్కడుందో రాసుకుని పోతాయి, రెండో ఏడాది దానికి తగ్గ స్ప్రింగుతో వస్తాయి. ఇవాన్స్, బర్డ్‌ల కార్ల గీతలు ఆ రెండో ఏడాదికి పనికొచ్చేవి. నిజామాబాదు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఆ పని దగ్గర నుంచి చూడగలిగే అవకాశం మళ్లీ రావాలి.