తిరుగు పడవతో మొదలుపెట్టండి

స్ట్రాంబోలీ దీవిలో వేళ తప్పనిది ఏదైనా ఉందంటే అది అగ్నిపర్వతమే. ఇటలీలో సిసిలీకి ఉత్తరాన, ఏయోలియన్ దీవుల గుంపులో ఒక కొసన, సముద్రంలోంచి 900 మీటర్లకు పైగా లేచి నిలబడ్డ ఈ కొండ మామూలు రోజుల్లో పది ఇరవై నిమిషాలకోసారి నిప్పులు చిమ్ముతుంది. శతాబ్దాలుగా ఇదే వరస. నావికులు దీన్ని మధ్యధరా దీపస్తంభం అన్నారు; భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ తరహా చిన్న చిన్న విస్ఫోటనాలు ఎక్కడ కనిపించినా ఈ దీవి పేరుతోనే పిలుస్తారు. నమ్మడానికి లేనిది కొండను కాదు, కొండ దగ్గరికి చేర్చే పడవను. దీవి మొత్తం 12 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, ఉండే జనం కొన్ని వందలు, విమానాశ్రయం లేదు. అయినా సెలవు ప్లాన్ వేసుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘కొండ ఎప్పుడు ఎక్కాలి?’ అనే. అడగవలసింది ‘అక్కడినుంచి ఎలా బయటపడాలి?’ అని. పెళ్లి పనులు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకున్నట్టు, ఇలాంటి దీవికి ప్రయాణం తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. ఖాళీ రోజులు ఉంటే బాగుంటుందని చాలామంది చెబుతారు. నేననేది ఇంకొంచెం ఖచ్చితమైన మాట: ఆ ఖాళీ ప్రయాణం చివర్లో ఉండాలి, అదీ దీవిలో కాదు, సిసిలీ ఒడ్డున.

ఎందుకో పడవల సంగతి చూస్తే తెలుస్తుంది. సిసిలీలోని మిలాజో రేవు నుంచి హైడ్రోఫాయిల్ పడవలు దారిలో వేరే దీవుల దగ్గర ఆగుతూ సుమారు మూడు గంటల్లో స్ట్రాంబోలీ చేరతాయి. నేపుల్స్ నుంచి రాత్రంతా సాగే పెద్ద ఓడ కూడా ఉంది, కానీ వారంలో కొన్ని రోజులే. హైడ్రోఫాయిల్ వేగమంతా నీటిమీద లేచి పరుగెత్తడంలో ఉంది; అలలు కాస్త పెరిగితే ముందుగా ఆగిపోయేదీ అదే. పెద్ద ఓడ ఇంకొంచెం ఓర్చుకుంటుంది. ఇక దీవికి నైరుతిన ఉన్న జినోస్ట్రా అనే చిన్న పల్లెకు అవతలి వైపున్న ప్రధాన ఊరినుంచి రోడ్డే లేదు, సముద్రం ఒప్పుకుంటేనే రాకపోకలు. గ్రీకులు గాలుల దొర ఏయోలస్ నివాసం ఈ దీవుల్లోనే అనుకున్నారు, దీవులకు ఆ పేరూ అలా వచ్చిందే. ఇక్కడి టైమ్‌టేబుల్‌ను ఇప్పటికీ ఆ దొరే దిద్దుతుంటాడు.

పడవ ఆగిపోతే ఎదురయ్యే డబ్బు లెక్క కూడా చూడాలి. సముద్రం బాగాలేక పడవ రద్దయితే యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం టికెట్ డబ్బు వెనక్కి అడగవచ్చు, లేదా మరో పడవలో పంపమనవచ్చు. కానీ కారణం ప్రమాదకరమైన వాతావరణమే అని తేలితే ఆ రాత్రి బస ఖర్చు పడవ కంపెనీ భరించనక్కర్లేదు. విడిగా కొనుక్కున్న విమాన టికెట్ సంగతి ఎవరికీ పట్టదు. పడవ దిగిన రోజే సిసిలీలోని కటానియాలో విమానం ఎక్కేలా రాసుకున్న ప్లాన్‌లో, ఒక్క గాలి రోజుకు హైదరాబాద్ దాకా ఉన్న టికెట్లన్నీ వరసగా పోతాయి. పైగా కటానియా విమానాశ్రయం ఎట్నా పక్కనే ఉంది. ఎట్నా బూడిద కక్కినప్పుడు అక్కడ విమానాలు ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఒక అగ్నిపర్వతాన్ని చూసి రావడానికి రెండో అగ్నిపర్వతం అనుమతి కూడా కావాలన్నమాట. చివరి రెండు రాత్రులు మిలాజోలోనో కటానియాలోనో పెట్టుకున్నవాళ్లకు పడవ ఒక రోజు ఆలస్యమైతే పోయేది ఒక రాత్రి అద్దె. అదే ఖాళీని ప్రయాణం మొదట్లో పెట్టుకుంటే వెళ్లేటప్పుడే అక్కరకొస్తుంది, వచ్చేటప్పుడు అది ఉండదు. దీవిలోనే అదనపు రోజు పెట్టుకోవచ్చుగా అంటారేమో. అది సరదాకు మంచిదే, కానీ భద్రత కాదు: గాలి లేచినప్పుడు ఆ అదనపు రోజు కూడా నీటికి అవతలే ఉండిపోతుంది.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, షెంజెన్ వీసా. భారతీయ పాస్‌పోర్టుతో దరఖాస్తు చేస్తే ఏ రాత్రి ఎక్కడ ఉంటారో బుకింగ్‌లతో సహా చూపించాలి, కనీసం 30,000 యూరోల వైద్య బీమా జత చేయాలి. దీవేమో ప్లాన్ వదులుగా ఉంచమంటుంది, కాన్సులేటేమో బిగించి రాయమంటుంది. ఈ రెండింటి మధ్య పడి చాలామంది ఖాళీలన్నీ పూడ్చేసి, రోజుకో ఊరు రాసి పడేస్తారు. అవసరం లేదు. ఖాళీకి కూడా ఒక చిరునామా ఇవ్వవచ్చు: ‘చివరి రెండు రాత్రులు మిలాజో, ఫలానా హోటల్’ అని రాస్తే దరఖాస్తు దృష్టిలో అది పక్కా ప్రయాణమే. ఆ హోటల్ బుకింగ్ ముందురోజు దాకా మార్చుకునే వీలున్నది కావాలి, అంతే. బీమా కూడా చివరి విమానం రోజుతో ముగియకుండా ఒకట్రెండు రోజులు అదనంగా ఉండేలా తీసుకుంటే అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

దీనికి వచ్చే ఎదురుమాట బలమైనదే. ఆఫీసులో దొరికే సెలవే పది రోజులు. అందులో రోమ్ ఉంది, వెనిస్ ఉంది. చిన్న దీవికి మూడు రాత్రులు, మళ్లీ ఏమీ చేయని రెండు రాత్రులు ఎవరిస్తారు? ఇలా అడిగేవాళ్లకు నా దగ్గర సర్దుబాటు జవాబు లేదు. ఇవ్వలేకపోతే స్ట్రాంబోలీలో నిద్ర చేయకండి. మిలాజోనుంచి, లిపారి దీవినుంచి మధ్యాహ్నం బయల్దేరి, చీకటిపడ్డాక షారా దెల్ ఫువోకో అనే వాయవ్యపు వాలు ముందు పడవ ఆపి, నిప్పురవ్వలు చూపించి రాత్రికే వెనక్కి తెచ్చే యాత్రలున్నాయి. అవీ సముద్రం దయమీదే నడుస్తాయి, కానీ రద్దయితే పోయేది ఒక సాయంత్రం. దీవిలో ఒకే ఒక్క రాత్రి ఉండే పద్ధతి అన్నిటికంటే చెడ్డ బేరం అనిపిస్తుంది నాకు. శిఖరానికి మబ్బు పట్టిందంటే ఆ రాత్రి చూడటానికేమీ ఉండదు, మర్నాటి పడవ గురించిన బెంగ మాత్రం పూర్తిగా ఉంటుంది.

రెండో అభ్యంతరం కొండ గురించి. 2019 జూలై 3న హెచ్చరిక లేకుండా పెద్ద విస్ఫోటనం జరిగి కొండమీద నడుస్తున్న ఒక యాత్రికుడు చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టు 28న మళ్లీ ఒకటి. 2002 డిసెంబరు 30న షారా వాలు విరిగి సముద్రంలో పడితే సునామీ లేచి ఒడ్డు ఇళ్లను తాకింది. నడివేసవిలో, జనం నిండిన బీచ్‌మీద అది జరిగి ఉంటే సంగతి వేరు. ఇలాంటి చోటికి సరదాకి వెళ్లడమేమిటని అడిగితే అది వెర్రి ప్రశ్న కాదు. 2019 తర్వాత శిఖరం దాకా మామూలు యాత్రికుల్ని పంపడం మానేశారు. గైడుతో ఎంత ఎత్తు, గైడు లేకుండా ఎంత ఎత్తు అన్న హద్దును అధికారులు కొండ తీరును బట్టి మారుస్తుంటారు. 2024 జూలైలో కొండ మళ్లీ చెలరేగినప్పుడు ఇంకా బిగించారు. కాబట్టి 2019కి ముందటి యాత్రా వ్యాసం చదివి శిఖరంమీద సూర్యాస్తమయాన్ని ప్లాన్‌లో రాసుకుంటే అది ఊహే. కొండమీద నడక దొరికితే దొరికినట్టు. దీవికి దిగాక ముందు తెలుసుకోవలసింది సైరన్ మోగితే ఒడ్డునుంచి ఎత్తుకు ఏ దారిన పోవాలో. ఈ నియమాలన్నీ భయపెట్టే ఎత్తుగడ అని గొణిగేవాళ్లుంటారు. ఆ కొండను రాత్రింబగళ్లు పరికరాలతో గమనిస్తున్నవాళ్ల మాటకంటే మన ఉత్సాహానికి ఎక్కువ విలువివ్వడానికి నాకైతే కారణం కనిపించదు.

నెల ఎంపిక ఇంత పెద్ద విషయం కాదు. చలికాలంలో గాలి ఎక్కువ, తెరిచి ఉండే బసలు తక్కువ. ఆగస్టు నడిమధ్యన ఇటలీ అంతా సెలవులో ఉంటుంది, గది దొరకదు. మే చివర, జూన్, సెప్టెంబరు మేలు. వేసవి చివరి వానల్నీ తేలిగ్గా తీసుకోకూడదు: 2022 మేలో మంటలకు కొండమీద పొదలన్నీ తగలబడిపోతే, ఆగస్టులో కురిసిన కుండపోతకు కొండమీది మట్టి బురదై ఊరి సందుల్లోకి దిగింది. మంచినీళ్లు ఓడలో రావలసిన దీవి కాబట్టి స్నానాలు మన ఇళ్లలోలా సాగవు. సందుల్లో వీధిదీపాలు ఉండవు, టార్చి తప్పనిసరి. మధ్యాహ్నం నల్ల ఇసుక కాళ్లు కాల్చేస్తుంది. శాకాహారులు బెంగపడనక్కర్లేదు, కేపర్లూ వంకాయలూ టమాటాలూ ఆ వంటకు ప్రాణం.

ఇంత జాగ్రత్తగా పెట్టుకున్న ఆ రెండు రాత్రులు, పడవలన్నీ వేళకు నడిచి ఉత్తపుణ్యానికి మిగిలిపోతే? మిలాజోలో కొండ మీద పాత కోట ఉంది, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల కొసదాకా నడవవచ్చు, గాలి తేటగా ఉంటే ఏయోలియన్ దీవులు కనిపిస్తాయి. లేదా మెస్సీనా మీదుగా రైల్లో తావోర్మీనా వెళ్లి రావచ్చు. ఏదీ ముందుగా కొనిపెట్టుకోకండి, తిరుగు పడవ ఎక్కాక నిర్ణయించుకోవచ్చు.