లాగుడు బండి లెక్క

టాటానగర్‌లో పాత జీపు కనిపిస్తే ఎవరైనా ముందు అడిగేది "ఎంతిస్తుంది?" అనే. దారిలో ఆగిపోయిన బండ్లను ఈడ్చుకొచ్చే జీపు విషయంలో ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా అబద్ధమే. ఖాళీగా మానగో వంతెన దాటేటప్పుడు ఇచ్చేది ఒకటి, వెనక సుమో వేలాడుతుంటే ఇచ్చేది ఇంకొకటి. వానాకాలంలో దల్మా కొండ కింద బురదలో కూరుకుపోయిన వ్యానుకు తాడు కట్టి లాగుతూ ఉన్నచోటే చక్రాలు తిప్పుతుంటే లీటరుకు సున్నా కిలోమీటర్లు. అందుకే నేను గంటకు ఎన్ని లీటర్లు తాగింది అని రాసుకుంటాను. పొలానికి నీళ్ళు పెట్టే డీజిల్ పంపుసెట్టుకు రైతు వేసే లెక్క అదే.

కట్టి లాగేటప్పుడు వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదనీ, రెండు బండ్ల మధ్య 5 మీటర్లకు మించి ఎడం ఉండకూడదనీ 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ వేగంలో గాలి అడ్డు లెక్కలోకి రాదు. మిగిలినవి రెండే: ఎత్తు, టైరు.

టాటానగర్, అంటే జంషెడ్‌పూర్, సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉంది, రాంచీ 650 మీటర్ల ఎత్తున. మధ్య దూరం దాదాపు 130 కిలోమీటర్లు. జీపూ దాని వెనక బండీ కలిసి 3 టన్నులనుకుందాం. 500 మీటర్లు పైకెక్కించడానికి కావలసిన శక్తిని లెక్కగట్టి, పాత ఇంజన్ డీజిల్లో నాలుగోవంతు శక్తిని చక్రాల దాకా చేరుస్తుందని ఉదారంగా ఒప్పుకుంటే, ఎక్కుడుకయ్యేది లీటరున్నర చిల్లర. అదే దారి పొడుగునా టైర్లు దొర్లడానికయ్యేది ఆరు లీటర్లకు పైమాటే. డ్రైవర్లందరూ ఆ దారిలోని తైమారా ఘాటీని తిట్టుకుంటారు గానీ, అసలు తాగుబోతు టైరు. ఆగిపోయిన బండి టైర్లలో గాలి ఉందో లేదో ముందు చూడకుండా హుక్కు తగిలించేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండు నిమిషాలు పంపు కొట్టడానికి బద్ధకించి, రాంచీ దాకా డీజిల్ పారబోస్తారు.

ఇక ఇంజన్. 1980ల్లో మహీంద్రా జీపుల్లోకి వచ్చిన పెజో డీజిల్ 2112 సీసీది. అందులో డీజిల్ నేరుగా సిలిండర్లో కాక, పక్కనున్న చిన్న అరలో అంటుకుని బయటికొస్తుంది. చప్పుడు తక్కువే, కానీ కొంత వేడి ఆ అర గోడలకే పోతుంది. తర్వాత వచ్చిన, డీజిల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మే డీఐ ఇంజన్ పదో పదిహేనో శాతం పొదుపు చేస్తుంది. దాని గొంతు మాత్రం ట్రాక్టరుది, ఎందుకంటే వంశమే ట్రాక్టరుది. మిలిటరీ వేలంలో కొన్న జోంగా మీద కొందరికి మహా మోజు. జబల్‌పూర్‌లో తయారైన ఆ బండిలో ఆరు సిలిండర్ల, దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉంటుంది. లాగుడుకి ఏనుగే, మేపడం కూడా ఏనుగును మేపడమే. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరులో ఉండే శక్తి ఆరేడు శాతం తగ్గడమే కాదు, పాత రబ్బరు గొట్టాలకూ పంపు డయాఫ్రంకూ అది పడదు.

నిజానికి ఈ డీజిల్ జీపుల ఇంజన్లలో అంత బలమేమీ లేదు. బలమంతా పళ్ళచక్రాల్లో ఉంది. విల్లీస్ వంశపు జీపు ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజి వేస్తే చక్రాలకు అందే బలం 2.46 రెట్లవుతుంది, వేగం అదే లెక్కన పడిపోతుంది. చైన్ పుల్లీతో వెనక బరువెత్తగానే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినదు. అందుకని నా జీపు ముందు బంపరుకు రైలు పట్టా ముక్క బిగించి ఉంటుంది. ఉక్కు ఊళ్ళో ఇలాంటివాటికి కరువు లేదు.

ఊరి విడ్డూరం ఒకటి చెప్పాలి. 1945లో పుట్టిన టాటావారి టెల్కో 1954 నుంచి ఇక్కడ లారీలు చేస్తోంది. కానీ దారిలో ఆగిన బండిని తెచ్చే జీపు మాత్రం బయటి ఊరిది. టాటావారి సుమో 1994లో వచ్చినా అదీ పుణె సరుకే.

పాత జీపు నమ్మకమైందనేవాళ్ళు అది చెడదనుకుంటారు. కొత్త బండితో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా చెడుతుంది. కాకపోతే కబురు పెట్టి చెడుతుంది. వాటర్ పంపు పోయే ముందు చుక్కచుక్కగా కారుతుంది. క్లచ్ ప్లేటు అరిగితే ఎక్కుడులో ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. హబ్ మీద చెయ్యి పెడితే బేరింగు సంగతి తెలుస్తుంది. రేడియేటర్ మూత తీస్తే బుడగలొస్తున్నాయా, హెడ్ గాస్కెట్ ప్రయాణం కట్టింది. కొత్త డీజిల్లో సెన్సర్ ఒకటి పోతే దీపం వెలిగి ఇంజన్ కుంటినడక పడుతుంది. తర్వాత ల్యాప్‌టాప్ ఉన్నవాడు రావాలి.

లాగుడులో ఎక్కువగా చంపేది వేడి. నెమ్మది వేగంలో ఎదురుగాలి ఉండదు కనుక రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు. ఆ ఫ్యాను చుట్టూ రేకు కవచం ఒకటుంటుంది. ఎప్పుడో ఏదో రిపేరుకు విప్పిన మిస్త్రీ దాన్ని మళ్ళీ బిగించడు, ఓనరు అడగడు. పాత జీపుల్లో సగం అది లేకుండానే తిరుగుతుంటాయి. ఇనప గనుల నోవాముండి వైపు వెళ్ళొస్తే ఎర్ర ధూళి ఎయిర్ క్లీనర్ గిన్నెలో బురదలా పేరుకుంటుంది. ఆయిలు మార్చకపోతే నల్లపొగ, దాని వెంబడే డీజిల్ ఖర్చు. మా మిస్త్రీ తాతలనాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబంవాడు. "ముందు ఆ గిన్నె కడగండి బాబూ, మైలేజీ మాట తర్వాత" అంటాడు. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

పాతబండిని నేను వెనకేసుకురాని చోటు బ్రేకులు. చాలా పాత జీపులకు నాలుగూ డ్రమ్ములే, బూస్టరు ఉండదు. వెనక కట్టిన బండి ఇంజన్ ఆగిపోయింది కనుక దాని బూస్టరూ పనిచెయ్యదు, అందులో కూచున్నవాడు బలమంతా పెట్టి తొక్కాలి. దిగుడులో తాడు కట్టి తేవడమంటే వెనకబండిని మన వీపు మీదికి ఆహ్వానించడమే. ఇనప రాడ్డు ఉంటేనే దిగాలి, అదీ ఎక్కిన గేరు కంటే ఒకటి తక్కువలో.

ఇన్నాళ్ళూ ఈ జీపులు బతికింది ఆదిత్యపూర్ లేత్‌ల పుణ్యాన. బుష్షూ పిన్నూ పాతది చూపిస్తే సాయంత్రానికి కొత్తది చేసిచ్చే చోటది. గేరుబాక్సు కేసింగు, యాక్సిల్ లాంటివి మాత్రం వేలంలో కొన్న సర్కారీ జీపులు విప్పితేనే దొరికేవి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ లేదు, వాటి దారి తుక్కు కేంద్రానికే. పొగ సంగతి తలచుకుంటే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. సొంత బండికైతే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గించి, 2022లో 600 నుంచి 5000కు, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10000కు పెరిగిన రెన్యువల్ ఫీజు కట్టుకుంటే బతుకుంది. ట్రాన్స్‌ఫర్ కేసు దొరుకుతుందంటే మాత్రం నేనిప్పుడు ధర అడక్కుండా వెళ్ళి చూసొస్తున్నాను.