‘కృష్ణా’ ఎక్కడ తెగింది?

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం వేసే ఒక కార్ఖానాకు కుర్ర ఇంజనీరొకడు బిల్లుల ప్రోగ్రాం రాశాడనుకుందాం. బిల్లు మీద జిల్లా పేరు రాసే గడి ఇరుకు. అందుకని నాలుగు అక్షరాలు దాటితే కోసెయ్యమన్నాడు. రెండక్షరాల ‘కృష్ణా’కు ఏ ఇబ్బందీ రాకూడదు. కాగితం మీద మాత్రం ‘కృష్’ అని పడింది. ఈ పొరపాటును మూలం దాకా తవ్వితే, తెర మీద తెలుగు కనబడటానికి ఎంత పనితనం కావాలో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పనిలో మనిషి ఎలా ఎదుగుతాడో కూడా తెలుస్తుంది.

కంప్యూటరు దాచుకునేది మనం పలికే అక్షరాలను కాదు, వాటి భాగాలను. యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులున్నాయి. ‘కృష్ణా’ అందులో ఆరింటిని వాడుకుంటుంది: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. నాలుగోదాని దగ్గర కోస్తే పొల్లు మీద ఆగుతుంది. ‘కృష్’ పుట్టింది అక్కడే. యూటీఎఫ్-8లో ఒక్కో భాగానికి మూడు బైట్ల చొప్పున ఈ మాటకు 18 బైట్లు పడతాయి. ఇంగ్లిషులో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగు భాగాలు సాధారణంగా 70 మాత్రమే పడతాయి. కాబట్టి ఈ లెక్క తెలియకపోతే కార్ఖానా మెసేజ్‌ల ఖర్చూ పెరుగుతుంది.

ఆరు సంకేతాలను రెండు అక్షరాలుగా కూర్చేది షేపింగ్ ఇంజిన్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్. అది ముందు మాటను కృ, ష్ణా అని విడదీస్తుంది. రెండో అక్షరంలో ‘ష’ను ఆధారంగా పట్టుకుని, పొల్లునూ ‘ణ’నూ కలిపి ణ వత్తుగా మారుస్తుంది. దీర్ఘం వరుసలో చివరిదే అయినా దాని చోటు ‘ష’ తల మీద. అందుకే దాన్ని వత్తు కంటే ముందుకు జరుపుతుంది. ఆ తర్వాత పని ఫాంటుది. తలకట్టు తీసి దీర్ఘం తగిలించడం, వత్తును కిందికి దించి సరైన చోట కూర్చోబెట్టడం అందులోని పట్టికలు చెబుతాయి. పెడన అద్దకంలో గీత అచ్చు పడ్డాక రంగు అచ్చు దాని హద్దులోనే పడాలి. ఇక్కడా అంతే గురి కావాలి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ‘మండలి’ ఫాంటును పెద్దగా చేసి చూస్తే ఆ గురి కనబడుతుంది. 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణకు పూనుకున్న దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరే దానికి పెట్టారు.

ఈ పొరల్లో చిన్న లోపం ఎంత పని చేస్తుందో 2018 ఫిబ్రవరిలో లోకం చూసింది. ‘జ్ఞా’లో దీర్ఘానికి ముందు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు చేరితే, ఐఫోన్‌లో దాన్ని చూపబోయిన యాప్ కూలిపోయేది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

మన కుర్రాడి సంగతికి వద్దాం. నాలుగును ఆరు చేసి చేతులు దులుపుకుంటే అంతకంటే ఎక్కువ భాగాలున్న పేరు దగ్గర మళ్లీ తెగుతుంది. అక్షరాల హద్దు చూసి కోసే లైబ్రరీ వాడటం మొదటి మెట్టు. అయితే పాత లైబ్రరీలు ‘ష్’, ‘ణా’ అని విడగొడతాయి. వత్తును విడదీయని నియమం 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. వెర్షన్ చూసుకుని, ‘కృష్ణా’, ‘స్త్రీ’, ‘జ్ఞా’లతో పరీక్షలు రాసిపెట్టడం రెండో మెట్టు. ఆ పరిష్కారాన్ని ఒకచోట చేర్చి, ఎందుకు అవసరమైందో నాలుగు వాక్యాలు రాసి, తోటివారంతా వాడేలా చేయడం మూడోది. తర్వాతి ప్రోగ్రాంలో గడి వెడల్పు, మెసేజ్ ఖర్చు గురించి కోడు రాయకముందే అడిగేవాణ్ణి సీనియర్ అంటారు. పదోన్నతి మాట వచ్చినప్పుడు ఎన్ని లైన్లు రాశాడన్నది కాదు, ఏ తప్పు మళ్లీ రాకుండా ఆపాడన్నది చెప్పుకోవాలి.

ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలని అడిగేవారు ముందు తమ పనికి కిందనున్న ఒక్క పొర చదవాలి. హార్ఫ్‌బజ్ కోడు, మండలి ఫాంటు రెండూ బహిరంగ లైసెన్సులతోనే ఉన్నాయి. తెరిచి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.